గడప తట్టిన థర్మోకోల్

సాయంత్రంలోగా ముందుగది ఖాళీ చెయ్యడం, ఆ తర్వాత తీరిగ్గా టీ తాగడం. ఆ పొద్దున టీవీ మెకానిక్ వేసుకున్న పథకం ఇంతే. మర్నాటి నుంచి ఆ గదిలో అతని భార్య కుట్టు క్లాసు మొదలుకావాలి. చోటు కోసం ఆమె ఏళ్లుగా అడుగుతూనే ఉంది. ఈసారి అడగలేదు. గది ఖాళీ కాకపోతే మిషన్లు తీసుకుని అక్కగారింటికి వెళ్లిపోతానని చెప్పి, దారాలు కొనడానికి బజారుకు వెళ్లింది. అరిచి చెప్పి ఉంటే అతను పట్టించుకునేవాడు కాదు. నెమ్మదిగా చెప్పేసరికి భయం వేసింది.

గదినిండా థర్మోకోలే. బాగుచేసిన టీవీ పగలకుండా ఇల్లు చేరాలంటే థర్మోకోల్ అచ్చులో పెట్టే పంపాలని అతని నియమం. అందుకని వీధిలో ఎవరు కొత్త టీవీ కొన్నా వెళ్లి దాని అచ్చు అడిగి తెచ్చుకునేవాడు. ఒక టీవీ అచ్చు మరో టీవీకి ఏనాడూ సరిపోలేదు. అయినా తేవడం మానలేదు. గుంటలు పడ్డ ఆ తెల్లటి దిమ్మలు, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లిపోయిన పరుపుల్లా, గోడల వెంట నిలబడి ఉన్నాయి. ఒకదాన్ని కదిపితే మిగతావన్నీ కీచుమన్నాయి.

చెత్తబండి ఆవిడ తీసుకోనంది. అవి ఎక్కితే బండిలో ఇంకో ఇంటి చెత్తకు చోటుండదట. పాత సామాన్లు కొనేవాడు ఒక దిమ్మను కాటాకు తగిలించాడు. ముల్లు కదల్లేదు. అతను గబుక్కున దాన్ని దింపేసి, చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఇది కుళ్లదు, మునగదు. మనం పోయాక కూడా ఇలాగే ఉంటుంది. మీ దగ్గరే ఉండనివ్వండి" అని బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

ముక్కలు చేస్తే సంచుల్లో పడుతుందేమోనని మెకానిక్ ఒకదాన్ని విరిచాడు. గదంతా తెల్లటి గింజలు. చీపురు ఇంకా తగలకముందే పక్కకు తప్పుకున్నాయి. ఒక చేతి మీదివి దులిపితే రెండో చేతి మీదికి పాకాయి. కనుబొమ మీద ఏదో నడుస్తున్నట్టనిపించి అతనికి ఒళ్లు జలదరించింది. ఇక లాభం లేదని, ఎవరూ చూడకుండా అన్నింటినీ సందు వెనక మురిక్కాలవలో పడేశాడు. అవి చప్పుడు చెయ్యకుండా, ఒకదాని వెనక ఒకటి, బుద్ధిగా వెళ్లిపోయాయి. పీడ విరగడైందనుకున్నాడు.

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. దిమ్మలు తూముకు అడ్డంపడి కాలవ పొంగింది. సందులోకి నీళ్లొచ్చాయి. ఆ నీళ్ల మీద తేలుతూ, తూములో ఇరుక్కోని దిమ్మ ఒకటి వెనక్కి వచ్చింది. పక్కింటి మామ్మ గడప దగ్గర ఆగింది. తలుపుకు తగిలింది. టక్. కాసేపాగి, మళ్లీ టక్.

ఎవరి కంటా పడకముందే లాగేద్దామని మెకానిక్ పరిగెత్తాడు. మామ్మ అప్పటికే తలుపు తీసింది. కళ్లుండాల్సిన చోట రెండు గుంటలతో ఉన్న ఆ తెల్లటి మొహాన్ని చాలాసేపు చూసింది. ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లి, తువ్వాలుతో తుడిచి, హాల్లో కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఆయన వచ్చారు" అంది.

మామ్మ భర్త పోయి చాలా ఏళ్లయింది. ఇది థర్మోకోల్ అని చెప్పడానికి మెకానిక్‌కి నోరు రాలేదు. బయట సందులోవాళ్లంతా ప్యాంట్లు మడుచుకుని, తూము మూసిన వెధవ ఎవడా అని వెతుకుతున్నారు. ఆ వెధవను అందరికంటే గట్టిగా తిడుతున్నది మెకానిక్కే.

మామ్మ అతణ్ణి లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. "కాలవలోకి తనని ఎవరు తోశారో ఆయన చెప్పారు నాయనా."

మెకానిక్ కుర్చీ వైపు చూశాడు. అందులోని దిమ్మ సన్నగా కీచుమంది. గదిలో గాలి లేదు.

"నేనెవరితోనూ అనన్లే. ఆయనకే ఇంకా కోపం తగ్గలేదు" అందామె.

అతను బయటపడేసరికి సందు తేలికపడింది. తూములోంచి దిమ్మలన్నీ లాగేశారు, నీళ్లు తీశాయి. ఇక వాటిని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఇలాంటివి టీవీ మెకానిక్ అడిగి మరీ తీసుకుంటాడని ఎవరో గుర్తుచేశారు. చూస్తే అతని ముందుగది ఖాళీగా ఉంది. పాపం ఆ మనిషి కూడా తమతోపాటు తడిశాడని, దిమ్మలన్నీ జాగ్రత్తగా తుడిచి అక్కడ పేర్చారు. పుణ్యానికి పోయి, తమ తమ అటకల మీదివి కూడా దింపి తెచ్చిచ్చారు. అతను వద్దనలేకపోయాడు.

దారాల సంచితో భార్య వచ్చింది. కాలు పెట్టే చోటు లేని గదిని గుమ్మంలోంచే చూసింది.

"ఏమండీ, దీన్ని ఖాళీ చెయ్యడం అంటారా?"

అతను జవాబు చెప్పబోయి దగ్గాడు. నోట్లోంచి ఒక తెల్లటి గింజ బయటపడింది. నిజంగా ఏడుపొచ్చింది. ఆమె మిషన్ల మీద గుడ్డ కప్పింది. అక్కగారింటికి తీసుకెళ్లడానికేనని అతనికి అర్థమైంది.

అప్పుడు మామ్మ గుమ్మంలోకి వచ్చింది. "అమ్మాయ్, అక్కగారింటికెందుకు? మా హాల్లో పెట్టుకో. ఆయన్ని అడిగాను, సరేనన్నారు."

భార్య తెరిచి ఉన్న తలుపులోంచి పక్కింటి కుర్చీలోకి ఒకసారి, భర్త వైపు ఒకసారి చూసింది. ఇద్దరిలో కుర్చీలో ఉన్నాయనే నయమనిపించింది.

మర్నాడు క్లాసు అనుకున్న వేళకే మొదలైంది. మిషన్లు మోసుకొచ్చిన మెకానిక్‌ని మాత్రం మామ్మ గడప దగ్గరే ఆపేసింది. అతని విషయంలో పెద్దాయన ఇంకా ఏమీ అనలేదట.