ముందుకాలు మడిచిన కుక్క

ఆదివారం ఉదయం కాఫీ గ్లాసులు కడక్కముందే ఇల్లాలు సంగతి చెప్పేసింది. ఇవాళ ఇంటికి కుక్క వస్తోంది. అడగడం కాదు, చెప్పడం. ముందుగదిలో కూర్చుని ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. కొన్నాళ్ళుగా ఎలుకలు ఆ బట్టల్ని కొరికి పారేస్తున్నాయి. ఇంకొక్క చొక్కాకు చిల్లు పడినా ఆర్డరు వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని బడివాళ్ళు తేల్చేశారు. బోను పెట్టింది, మందు పెట్టింది. ఎలుకలు రెండింటినీ ఖాతరు చెయ్యలేదు.

"ఇంట్లో కుక్కేమిటి?" అన్నాడు భర్త. ఆఫీసులో హెడ్డు గుమాస్తా. షరతు పెట్టనిదే నిద్ర కూడా పోని మనిషి. "సరే, ఒక్కరోజు చూద్దాం. సాయంత్రంలోగా అది ఏ వస్తువు పాడుచేసినా వెనక్కి పంపెయ్యాలి."

"అది పాడుచేస్తే, అలాగే," అంది ఆమె.

గోదాము కాపలాదారు తెచ్చి దింపిన కుక్కకు పొట్టి కాళ్ళు, గరుకు బొచ్చు. ఒక చెవి నిలబడితే ఇంకోటి వాలిపోయింది. "సగం టెర్రియరమ్మా, ఎలుకల్ని పట్టే జాతి. మిగతా సగం దాని తల్లికే తెలియాలి," అన్నాడతను. "అరవదు, కరవదు. ఎక్కడన్నా ఎలుకో, ఎలుక తినే తిండో ఉందనుకోండి, అక్కడ ముందుకాలు మడిచి నిలబడుతుంది. దాన్ని బయటికి తీసేదాకా కదలదు."

"ఇది ఎలుకల్ని పడుతుందా? ఎలుకలే దీన్ని ఎత్తుకుపోతాయి," అని అత్తగారు మూతి తిప్పింది.

కుక్క ఇల్లంతా ఓసారి వాసన చూసి, వచ్చి సోఫా ముందు కాలు మడిచింది.

భర్త ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "ఎలుకే. మీరు దూరంగా ఉండండి, నేను చూసుకుంటా." బొద్దింక కనిపిస్తే కుర్చీ ఎక్కే మనిషికి ఇంత ధైర్యం ఎక్కడిదని ఆమె అప్పుడే అడగాల్సింది. ఆయన వంగి సోఫా కింద తడుముతుంటే, అత్తగారు కొడుక్కి సాయంగా కర్ర తీసి ఒక్కటి వేసింది. అది దీపం స్టాండుకు తగిలింది. స్టాండు వెళ్ళి గాజుబల్ల మీద పడింది. బల్ల ముక్కలైంది.

"తప్పించుకుపోయింది," అన్నాడు భర్త, చొక్కా సర్దుకుంటూ లేచి.

కుక్క సోఫాను వదిలేసి ఆయన ముందుకు వచ్చి, పొట్టవంక చూస్తూ కాలు మడిచింది. ఆయన కిటికీ దగ్గరికి పోయాడు. అదీ పోయింది. మళ్ళీ మడిచింది.

"ఒరేయ్, నీ చొక్కాలో దూరిందిరా. కదలకు," అంది అత్తగారు.

"ఏమీ లేదమ్మా," అంటుండగానే అత్తగారు విసిరిన బకెట్టు నీళ్ళు ఆయన మీద పడ్డాయి. మిగిలినవి కుట్టుమిషను మోటారు మీద పడ్డాయి. మోటారు ఠప్పుమంది, కరెంటు పోయింది. వెనక్కి జరగబోయి జారి ఆయన బట్టల బీరువాను పట్టుకున్నాడు. బీరువా ఆయన్ని పట్టుకోలేదు. యూనిఫారాలన్నీ నేలమీద పరుచుకున్నాయి. వాటి వెనకనుంచి సగం కొరికిన క్రీము బిస్కట్ల పొట్లాలు దొర్లాయి, వాటితో పాటే ఒక ఎలుక పరుగెత్తింది. చొక్కాలోంచి ఇంకో పొట్లం జారింది.

డాక్టరు తీపి మానెయ్యమన్నాక ఆయన మానలేదు, దాచాడు. ఎవరి పుణ్యాన తను నడుం విరిగేలా చొక్కాల చిల్లులు పూడ్చిందో తెలిసేసరికి ఆమె పొట్లాలన్నీ ఏరి ఆయన ముందు పడేసింది.

"ముందు ఆ కుక్కను పంపెయ్. వచ్చీరాగానే కొంప గుల్ల చేసింది," అంది అత్తగారు.

"అదేం చేసింది అత్తయ్యా? దీపం మీరు పడగొట్టారు. మిషను మీరు తడిపారు. బీరువా మీ అబ్బాయి పడేశారు. అది ఊరికే నిలబడింది. ఉన్నమాట చెప్పినందుకు నా ఇంట్లోంచి ఎవర్నీ పంపను. ఎవరేమన్నా సరే."

భర్త తడిజుట్టు వెనక్కి తోసుకున్నాడు. గుమాస్తా బుర్ర అప్పటికే పనిలో పడింది. "తప్పు నాదే. ఇక దాచను. తిండి లేకపోతే ఎలుకలు రావు. ఎలుకలు రాకపోతే కుక్కతో పనేముంది?"

"ఎలుకల కోసమని ఎవరన్నారు?" అంది ఆమె, కుక్క మెడలోని తాడు విప్పేస్తూ. "ఇది మీ కోసం ఉంటుంది."

యూనిఫారాలు చెక్కుచెదరకుండా బడికి చేరాయి. ఈమధ్య హెడ్డు గుమాస్తాగారి ఆఫీసులో ఫైళ్ళను ఎలుకలు కొరికేస్తున్నాయట.