ట్యాంకర్ కోసం జి మైనర్

ఏ మహానగరమైనా నీళ్లు ఇచ్చినంత మాత్రాన నాగరికం అయిపోదు. నీళ్లు అడిగినవారిని ఎంత శ్రావ్యంగా ఆపుతుందన్నదే అసలు కొలమానం. ఉప్పల్, నాచారం ఇళ్లకు ట్యాంకర్లు పంపే తూర్పు మండల జల నిరీక్షణ విభాగం ఈ ఏడు ఆ శిఖరాన్ని అందుకుంది. ఫోన్లో "దయచేసి వేచి ఉండండి" అనే పాత గొంతుకు సెలవిచ్చి (శాలువా కూడా కప్పారట) ఒక జాజ్ రికార్డింగు పెట్టింది. శాక్సఫోను, పియానో, వెనక సన్నగా డ్రమ్ము.

కొందరు పౌరులు ఫోను స్పీకర్లో పడేసి ఆ పక్కనే బియ్యం కడుగుతున్నట్టు విభాగం దృష్టికి వచ్చింది (ఏ నీళ్లతో కడుగుతున్నారో విచారణ సాగుతోంది). అందుకే పద్నాలుగో నిబంధన పుట్టింది. నిజంగా విన్నామని రుజువుగా పాట వేగం (నిమిషానికి ఎన్ని దరువులో), శ్రుతి, భావం చెప్పాలి. ఒక్కటి తప్పినా వరుస చివరికి పోవాలి.

నాచారంలో తారామణికి ఈ సంగతి తెలిసేసరికి గురువారం అయింది. ఆదివారం మనవరాలి బారసాల. డెబ్బై మంది వస్తారు. సంపులో నీళ్లు చీపురు తడిచేంత ఉన్నాయి. తారామణి చదివింది పదో తరగతే గానీ, భయపడటంలో మాత్రం చాలా పైకి వెళ్లింది. చంటిది తుమ్మితే ఆక్సీమీటరు తెచ్చే మనిషి.

"జర నిమ్మళంగుండమ్మా. నీళ్లు రాకుంటే బాటిళ్లు తెద్దాం," అంది కూతురు సిరి.

"బాటిళ్లతోని ఎవలు చేతులు కడుగుతరే? కడగకుండనే పిల్లను ఎత్తుకుంటరు. జెరమొస్తది. దవాఖానల ఏసీ ఏస్తరు. ఏసీకి నిమోనియా."

"ముందుగాల దానికి పేరన్న పెట్టనియ్యి."

పక్కింటి పట్టాభిరామయ్య గారు రిటైరైన శాస్త్రవేత్త. సాయం చేద్దామని ఆయనే ముందు ఫోన్ చేసి, వేగం యాభై ఆరని చెప్పి, వరుస చివరికి పోయారు.

"ముప్పై ఏళ్లు భూకంపాలు కొలిచానమ్మా. ఈ దరువు కొలవలేనా? వాళ్ల లెక్కే తప్పు."

తారామణి చెవికి ఫోను, వేలికి ఆక్సీమీటరు పెట్టుకుని కూర్చుంది. నాడి నూట పన్నెండు. డ్రమ్మూ గుండే ఒక్కలాగే కొట్టుకుంటున్నాయి. అంతలో సిరి మోటరు వేసింది. నీళ్లు అందక మోటరు మూలిగింది. సరిగ్గా ఆ మూలుగు శ్రుతి మీదికే వచ్చి వాలింది శాక్సఫోను. పట్టాభిరామయ్య గారు గోడ అవతలి నుంచి హార్మోనియం మోసుకొచ్చి, మెట్లు నొక్కి చూసి, "జి మైనర్," అన్నారు. (మోటరు చెప్పింది జి స్వరం ఒక్కటే. దిగులు పలికించే మైనరన్న సంగతి ఇంటి వాతావరణాన్ని బట్టి ఊహించారు.)

రెండు గంటల తర్వాత నిరీక్షణ నాణ్యతాధికారి హృషికేశ్ పలికాడు.

"వేగం?"

"నూట పన్నెండు సారు."

"శ్రుతి?"

"జి మైనర్."

"భావం? శాంతం, ఆనందం, తృప్తి. ఒకటి చెప్పండి."

తారామణి లెక్క వేసుకుంది. తప్పు చెబితే డెబ్బై మంది, జ్వరం, ఏసీ.

"ఆ మూడిట్ల లేదు సారు. పొద్దుగూకినంక గూడ పిల్ల ఇంటికి రాకుంటే, తల్లి గేటు కాడ నిలబడ్డట్టున్నది."

అవతల చాలాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు.

"కరెక్టే," అన్నాడాయన, కొంచెం అసూయగా. "మూడూ చెప్పింది మీరొక్కరే. మేం కూడా కాగితం చూసే చెప్తాం. శనివారం ట్యాంకర్ వస్తుంది."

వచ్చింది. సంపు అంచుదాకా నిండింది. పాపకు అమృత అని పేరు పెట్టారు. డెబ్బై మందీ చేతులు కడిగారు (తారామణి గుమ్మంలో సబ్బుతో నిలబడింది). ఎవరికీ జ్వరం రాలేదు.

సోమవారం మోటరు వేస్తే అది నున్నగా, ఏ శ్రుతీ లేకుండా తిరిగింది. తారామణి ఆక్సీమీటరు చూసుకుంది. డెబ్బై నాలుగు. నెత్తి పట్టుకుని అక్కడే కూలబడింది.

"ఏమైందమ్మా? నీళ్లు నిండుగున్నయి కదా."

"అదే ఫికర్ బిడ్డా. మల్ల ఫోన్ జేస్తే ఏం జెప్పాలె?" అంటూ తారామణి లేచి పెరట్లో నల్లా పూర్తిగా తిప్పింది. "జరంత సేపు పోనియ్యి. ఆ మూలుగు రాకుంటే మనల లైన్ల గూడ నిలబడనియ్యరు."