మౌఖిక పరీక్ష, టైపు చేయవలెను

నోరు విప్పకుండా మాట్లాడటం నేర్పే చదువు ఒకటుంది. దాన్ని ఆన్‌లైన్‌లో మాస్ కమ్యూనికేషన్ ఎం.ఏ. అంటారు. ఇంట్లో కూర్చుని, మైకు ఆపేసుకుని, లక్షల మందితో మాట్లాడటం ఎలాగో రెండేళ్లు నేర్చుకోవచ్చు. మనిషికి ఇంతకన్నా మేలు చేసిన చదువు ఇంకోటి ఉందా?

నేనెందుకు చేరానో చెప్తాను. నాకు చిన్నప్పటి నుంచి నోట్లో నాలుక లేదని పేరు. పల్లెటూరి బడిలో పదేళ్లు చదివాను. గొంతెత్తింది హాజరు పలకడానికే. అలాంటిదాన్ని రేడియోలో వార్తలు చదవాలనుకున్నాను. మొహం కనిపించదు కదా అని ధైర్యం. దగ్గర్లోని చిన్న రేడియో కేంద్రానికి వెళ్తే మేనేజరు మేడం ఒక దారి చూపించింది. "రెండేళ్లలో వార్తలు చదివే మా పాతావిడ రిటైరవుతుంది. ఆలోగా ఎం.ఏ. చేసి వచ్చెయ్యమ్మా. ఆ కుర్చీ నీదే" అంది.

ఆ కుర్చీ కోసం చేరాను.

క్లాసులో ఎనభై మూడు మందిమి. అంటే ఎనభై మూడు నల్ల గడులు. ఒక్కో గడిలో ఒక్కో పేరు మొదటి అక్షరం. మాస్టారు వాటి వంక చూస్తూ ప్రజలతో మమేకం కావడం గురించి చెప్పేవారు. పక్కవాళ్ల గొడవ లేదు, వెనక బెంచీ లేదు, ప్రశ్న అడిగి అల్లరిపాలయ్యే భయం లేదు. రెండేళ్లలో నా తోటి విద్యార్థి ఒక్కరి గొంతు కూడా నేను వినలేదు. స్నేహాలు చెడకుండా ఉండటానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఎవరు చేయగలరు?

హాజరు మాత్రం కచ్చితం. ఏడు నిమిషాలకోసారి తెర మీద "మీరు ఉన్నారా?" అని వస్తుంది. "ఉన్నాను" అని నొక్కాలి. ఒకసారి స్నానానికి వెళ్తూ అమ్మని నొక్కమన్నాను. అంతే, అమ్మకి అలవాటైపోయింది. ఉల్లిపాయలు తరుగుతూ కూడా ఒక కన్ను లాప్‌టాప్ మీదే.

"అబద్ధం నొక్కుతున్నావమ్మా" అన్నాను.

"అబద్ధమేముందే? ఉన్నారా అని అడిగింది, నేనున్నాగా. అయినా ఈ ఇంట్లో నేనున్నానో లేదో ఇన్నిసార్లు అడిగినవాళ్లెవరు?"

ఆ సెమిస్టరులో నా హాజరు నూటికి తొంభై ఎనిమిది. అందులో ఎక్కువ భాగం అమ్మదే.

ఇక 'కమ్యూనికేషన్‌లో అడ్డంకులు' అనే పాఠం సంగతి. ఆ రోజు మాస్టారు గంటసేపు చెప్పారు. చేతులు తిప్పారు, బల్ల చరిచారు, మధ్యలో కళ్లు కూడా తుడుచుకున్నారు. మాట మాత్రం వినపడలేదు. ఆయన మైకు గుర్తు మీద ఎర్రగీత ఉంది. నేను చూశాను.

"సర్, మీ మైకు..." అని టైపు చేసి చెరిపేశాను. మూడుసార్లు. ఎందుకంటే అప్పటికే కింద తోటివాళ్ల మెసేజులు వరసగా వస్తున్నాయి: 'అద్భుతం సర్', 'కళ్లు తెరిపించారు సర్', 'ఈ ఒక్క మాట చాలు సర్'.

"చెప్పవే అక్కా, పాపం ఆయన గొంతు పోతోంది" అన్నాడు వెనక నుంచి చూస్తున్న తమ్ముడు.

"అంతమందికి వినిపిస్తోందట. నా లాప్‌టాప్‌దే తప్పేమో."

తర్వాత క్లాసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది, అందరూ అలాగే అనుకున్నారట. ఒకరు ఇయర్‌ఫోన్లు మార్చారు, ఒకరు చెవి డాక్టరు దగ్గరికి వెళ్లారు. మాస్టారికి మాత్రం ఎవరూ చెప్పలేదు. పరీక్షలో ప్రశ్న కూడా ఆ పాఠం నుంచే వచ్చింది: 'క్లాసులో చెప్పిన మూడు ఉదాహరణలు వివరించండి.' నేను మూడు కల్పించి రాశాను, ఇరవైకి పద్దెనిమిది. మొదటి ర్యాంకు వచ్చినావిడ పదకొండు ఉదాహరణలు రాసిందట.

చివరికి మిగిలింది మౌఖిక పరీక్ష. అది పాసైతే డిగ్రీ, డిగ్రీ ఉంటే కుర్చీ. నెలరోజులు వంటింటి గోడకి వార్తలు చదివి వినిపించాను. పరీక్ష రోజు తెర మీద ఇద్దరు పరీక్షకులు, వాళ్ల కింద ఖాళీ పెట్టె. ప్రశ్న వచ్చింది: 'వార్తలు చదివేవారికి గొంతు ఎందుకు ముఖ్యం? పెట్టెలో టైపు చేయండి.'

"మాట్లాడకూడదా అండీ?" అన్నాను. ఆ చదువులో నా మొదటి మాట అదే.

"మాట్లాడితే కొందరిది బాగుంటుంది, కొందరిది బాగుండదమ్మా. అది అన్యాయం కదా! అందుకని టైపింగులోకి మార్చాం" అన్నారు ఇద్దరిలో పెద్దాయన.

నాకేమైందో తెలియదు. పక్కనున్న పేపరు తీసి చదవడం మొదలుపెట్టాను. వరద వార్త, ధరల వార్త, తప్పిపోయిన ముసలాయన వార్త. పది నిమిషాలు. రెండో పరీక్షకుడు పెన్ను కింద పెట్టేశాడు. తలుపు అవతల అమ్మ, తమ్ముడు కదలకుండా నిలబడ్డారు.

"చాలా బాగుందమ్మా" అన్నారు పెద్దాయన. "కానీ పెట్టె ఖాళీగా ఉంది."

"చదివాను కదండీ. మీరు విన్నారు కదా."

"విన్నాం. విన్నదానికి మార్కులు వేసే గడి లేదమ్మా."

మౌఖిక పరీక్షలో సున్నా వచ్చింది. అప్పీలు చేశాను. నేను మాట్లాడినట్టు, విన్నవాళ్ల సంతకాలతో రాసి పంపమన్నారు. అమ్మ, తమ్ముడు సంతకాలు పెట్టారు. ఇద్దరు మనుషులు 'మాస్' కిందికి రారని తిప్పి పంపారు.

రేడియో మేడంకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆమె మధ్యలో ఆపకుండా వింది.

"నువ్వు నోరు విప్పవనుకున్నానే" అంది చివరికి. "ఎంత స్పష్టంగా చెప్పావు. మా పాతావిడ కూడా ఇలా చదవలేదు."

"అయితే రమ్మంటారా మేడం?"

"ఎలా వస్తావమ్మా? నీకు మాట్లాడటం వచ్చని కాగితం లేదుగా."

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? వచ్చే నెల పరీక్ష మళ్లీ ఉంది. ఈసారి నోరు మెదపకుండా మంచి మార్కులతో పాసై, వార్తలు చదవడానికి వెళ్తాను.