తల లేని భక్తులు

పూజకు జనం రాకముందే మైకు సరిచూసి, అక్క చేతి కాఫీ తాగి ఇల్లు చేరాలన్నది ఆ ఆదివారం మైకు మెకానిక్ వేసుకున్న ప్లాను. అక్క అంటే ఆ చర్చి పనులు చూసుకునే ఉపదేశిగారి భార్య. బావ మాట కాదనలేక అతను ముందు రోజే కొత్త స్పీకర్లు బిగించాడు. ఫలితం సున్నా. ఆ చర్చిలో ఒక మాట అంటే అది పైకప్పు దాకా వెళ్లి, నాలుగు గోడలనూ పలకరించి, తీరుబడిగా తిరిగొచ్చి తరువాతి మాట మీద పడుతుంది. అందుకే ముసలి ఫాదర్‌గారి ప్రసంగాన్ని ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసినవారు ఊళ్లో లేరు. అసలు ఈ చెవిన పడితే కదా.

వినపడని ప్రసంగానికి వచ్చేవాళ్లూ తగ్గిపోయారు. ఆ ఉదయం బిషప్‌గారు స్వయంగా వచ్చి, వెనక బెంచీలో కూర్చుని వింటానన్నారు. వినపడకపోతే ఫాదర్‌గారిని ముసలి గురువుల విశ్రాంతి గృహానికి పంపేస్తారు. ఊళ్లో సగం మందికి జ్ఞానస్నానం ఇచ్చిన మనిషి ఆయన. ఆ ఊళ్లోనే కన్నుమూయాలన్నది ఆయన కోరిక.

"ఖాళీ గది మోగుతుంది బావా. నిండా జనమో బట్టలో ఉంటే మోత పీల్చేస్తాయి" అన్నాడు మెకానిక్ శనివారం సాయంత్రమే. "పేదల పెట్టెలో దానమిచ్చిన పాత బట్టలున్నాయిగా, బెంచీల మీద నిండుగా సర్దించు. స్పీకర్లు సరిచేసుకున్నాక తీసేద్దాం."

ఉపదేశిగారు ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషి. బట్టలు ఊరికే పరిస్తే ఏం బాగుంటుందని వాటిలో దిండ్లూ గోనెలూ కూరి, గుండీలు పెట్టి, వరసగా కూర్చోబెట్టి, బిషప్‌గారికి ఎదురువెళ్లాడు.

మెకానిక్ వచ్చేసరికి బయట ముసురు పట్టి ఉంది. లోపల బలిపీఠం దగ్గర ఒక్కటే దీపం. ఆ గుడ్డి వెలుగులో బెంచీల నిండా మనుషులు. ఒక్కరికీ తల లేదు. అందరి చేతులూ బుద్ధిగా ఒళ్లో ఉన్నాయి. కిటికీ గాలికి ఒక చొక్కా భుజం ఊపిరి తీసినట్టు లేచి దిగింది. ఇదంతా బావగారి పనితనమేనని అతనికి తెలుసు. తెలిసినా బెంచీల మధ్యగా వెళ్లడానికి ధైర్యం చాల్లేదు. గోడవారగా నడిచి వెనకనున్న మైకు యంత్రం దగ్గర కూర్చున్నాడు.

పక్క తలుపులోంచి ఫాదర్‌గారు వచ్చారు. కంగారులో కళ్లజోడు గదిలోనే మరిచారు. మైకు ముందు నిలబడి బెంచీల వైపు చూసి, చేతులు చాచారు. పూజ మొదలుపెడుతూ "ప్రభువు మీతో ఉండునుగాక" అన్నారు.

మోత లేదు. మాట అన్నంతవరకే ఉండి ఆగిపోయింది. మెకానిక్ మురిసిపోయేలోగా, ఆ తల లేని జనం మధ్యనుంచి సన్నటి గొంతు బదులు చెప్పింది.

"మీ ఆత్మతోను ఉండునుగాక."

అతను యంత్రం వెనక నక్కాడు. ఒక క్షణం ఆగి అదే గొంతు విసుక్కుంది.

"చచ్చాకగానీ తీరలేదా మీకు?"

మెకానిక్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. కాలికి చుట్టుకున్న వైరుతో సహా గేటు దాకా పరిగెత్తాడు. కాఫీ తెస్తున్న అక్క ఎదురైంది.

"లోపల బొమ్మలు జవాబు చెబుతున్నాయక్కా. ఒకటి నన్ను కోప్పడింది కూడా."

అక్క పక్కింటావిడకు చెప్పింది. పక్కింటావిడ గోరంతను కొండంత చేసింది. వీధి మలుపు తిరిగేసరికి ఊళ్లో పోయినవాళ్లంతా పూజకు లేచొచ్చారన్న మాట స్థిరపడింది. పెళ్లినాటి నుంచి చర్చి మొహం చూడనివాళ్లు కూడా దుప్పట్లు కప్పుకుని వచ్చేశారు. బిషప్‌గారి కారుకు దారి దొరకలేదు. ఆయన నడిచి వచ్చి, ఉపదేశిగారితో పాటు గోడవార జనంలో ఇరుక్కుని నిలబడ్డారు. భయంతో ఎవరూ దగ్గనైనా దగ్గలేదు.

ఫాదర్‌గారు ముందు బెంచీలకు చెబుతున్నారు. "ఇన్నేళ్లూ ఖాళీ బెంచీలతో మాట్లాడాను నాయనా. తప్పు నా గొంతుదే అనుకున్నాను. ఇవాళ మీరంతా వచ్చి ఇంత శ్రద్ధగా కూర్చుంటే నాకు ఏడుపొస్తోంది. ఇక నన్నెక్కడికి పంపినా దిగుల్లేదు."

ప్రతి మాటా చివరి మనిషి దాకా వినపడింది. ఊరు ఊరంతా సిగ్గుతో తల దించుకుంది.

అప్పుడు రెండో వరసలో ఒక కోటు పక్కన శాలువా కదిలింది. అది రోజూ అందరికన్నా ముందొచ్చే ముసలి పెద్దమ్మ, శాలువాలో తల దాచుకుని కూర్చుంది. ఇందాక బదులు చెప్పిందీ, ఆ కోటును విసుక్కున్నదీ ఆమే. ఆ కోటు, చనిపోయిన తన భర్తది. పేదల పెట్టెలో తనే వేసింది. దాని ఖాళీ చేతిని పట్టుకుని కళ్లు తుడుచుకుంటోంది.

పూజ అయ్యాక బిషప్‌గారు ఫాదర్‌గారి చేతులు పట్టుకున్నారు. "మీరిక్కడే ఉండండి. నాకు ప్రతి మాటా వినపడింది."

ఉపదేశిగారు తెచ్చిచ్చిన కళ్లజోడు పెట్టుకుని, ఫాదర్‌గారు బెంచీలను చాలాసేపు చూశారు. "నాకే ఏమీ కనపడలేదు" అన్నారు.

మరుసటి ఆదివారానికి ఊరి భయం తీరింది, జనం పలచబడ్డారు, మోత మళ్లీ వచ్చేసింది. ఉపదేశిగారు బట్టలన్నీ పెట్టెలో సర్దేశాడు గానీ, కోటు మీద చేయి వేయబోతే పెద్దమ్మ ఒప్పుకోలేదు.

బతికుండగా ఒక్క ఆదివారమూ రాని ఆ కోటాయన, అప్పటినుంచి ఒక్క పూజా తప్పలేదు.