మాబు సాహెబ్ రెండో విడుదల

దర్శి బహిరంగ సభలో మంత్రిగారు చరిత్రాత్మక ప్రకటన చేశారు. పరివర్తన చెందిన యాభై మంది జీవిత ఖైదీలను నెల తిరక్కుండా తన చేతుల మీదుగా విడుదల చేస్తానన్నారు. చప్పట్లు ఆగలేదు. పరివర్తన ఎవరిలో వచ్చిందో తేల్చాల్సిన కమిటీ మాత్రం రెండేళ్ళుగా కూర్చోలేదు. సభ్యులకు తీరిక లేదు. అయినా మంత్రిగారు మాట తప్పే మనిషి కాదు గనక, ఆ మాట నిలబెట్టే పని అధికారుల మీద పడింది.

ఉత్తర్వు లేకుండా ఖైదీని బయటికి పంపితే నేరం. బయట ఉన్నవాణ్ణి బయటికి పంపడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. ఈ సంగతి కనిపెట్టిన అధికారి ఎవరో గానీ, మెచ్చుకోవాల్సిందే.

అలా వ్యవహారం పర్చూరులో మాబు సాహెబ్ దాకా వచ్చింది. ఆయన పన్నెండేళ్ళు జైల్లో ఉండి, సత్ప్రవర్తన మీద రెండేళ్ళ కిందట బయటికొచ్చాడు. బస్టాండు పక్కన పొలాలకి మందు కొట్టే తైవాన్ పంపులు రిపేరు చేసుకుంటున్నాడు. మూడు నెలలకోసారి స్టేషన్‌కెళ్ళి సంతకం పెట్టాలన్నది షరతు. ఆ మంగళవారం వెళితే ఎస్సై కుర్చీ చూపించాడు. ఇన్నేళ్ళలో ఏ పోలీసూ తనకి కుర్చీ చూపించలేదు. మాబు సాహెబ్ దాని అంచు మీద కూర్చున్నాడు.

“ఎల్లుండి పొద్దున ఒకసారి జైలుకెళ్ళి రావాలి మాబూ.”

“నేనేం చేశాను సార్?”

“ఏమీ చెయ్యలేదు. అందుకే ఎంపికయ్యావు. మంత్రిగారు నిన్ను విడుదల చేస్తారు.”

“నేను విడుదలయ్యాను గదండీ.”

“అప్పుడు మామూలుగా అయ్యావు. ఇప్పుడు ఘనంగా అవుతావు.”

సంతకాల పుస్తకం మీద ఎస్సై చెయ్యి ఉంది. మాబు సాహెబ్ సరేనన్నాకే ఆ చెయ్యి లేచింది.

ఇంటికెళ్ళి చెబితే భార్య సిద్దికా ఒక్కటే అడిగింది, లోపలికి రమ్మన్నవాళ్ళు మళ్ళీ పంపిస్తారా అని. మిర్చికి మందులు కొట్టే రోజులు, దుకాణంలో ఏడు పంపులు విప్పి ఉన్నాయి. ఏ మర ఎక్కడిదో ఆవిడకి వివరంగా చెప్పి వెళ్ళాడు.

జైల్లో ఖైదీల తెల్లబట్టలిచ్చి తొడుక్కోమన్నారు. ఆ గేటు వెనక మూసుకోగానే తనకి తెలియకుండానే చేతులు కట్టుకున్నాడు. ఆవరణలో హయాత్ కుర్చీలు మోస్తూ కనిపించాడు. పదకొండేళ్ళు ఇద్దరూ ఒకే బ్యారక్‌లో పడుకున్నారు.

“ఏరా, మళ్ళీ ఏం చేశావ్?” అన్నాడు హయాత్, బెంగగా.

“ఏం లేదురా. విడుదలవడానికొచ్చాను.”

హయాత్ నవ్వలేదు. కమిటీకి వెళ్ళిన జాబితాలో మొదటి పేరు అతనిదే. నేడో రేపో అనుకుంటూ రెండేళ్ళుగా గుడ్డసంచీ సర్ది తలకింద పెట్టుకుని పడుకుంటున్నాడు. ఇవాళ స్టేజీ కట్టే పని కూడా అతనికే వేశారు. సత్ప్రవర్తన ఉన్నవాళ్ళకే వేస్తారు.

స్టేజీ మీద మాబు సాహెబ్ పక్కన కొత్తపట్నం యేసుపాదం కూర్చున్నాడు. ఎన్నేళ్ళు శిక్ష పడిందని అడిగితే, బయటికొచ్చి నాలుగేళ్ళయిందనీ, సముద్రం మీద చేపల వేటకెళ్తుంటే జీపులో ఎక్కించుకొచ్చారనీ గొంతు తగ్గించి చెప్పాడు. యాభై మందీ అలాంటివాళ్ళే. ఒక్కడికీ కొత్తగా విడుదల కావాల్సిన అవసరం లేదు.

మంత్రిగారు మూడు గంటలు ఆలస్యంగా వచ్చి, స్వేచ్ఛ విలువ గురించి గంటసేపు మాట్లాడారు. తర్వాత మాబు సాహెబ్ చేతికి కాగితమిచ్చి, ఇంకేం కావాలో కోరుకోమని మైకు మూతి దగ్గర పెట్టారు. జైలరు కళ్ళతోనే వద్దన్నాడు. మాబు సాహెబ్ మైకు పట్టుకున్నాడు.

“హయాత్‌ని వదిలెయ్యండి సార్. అడుగో, కుర్చీల దగ్గర ఉన్నాడు. వాడు నిజంగా లోపల ఉన్నాడు.”

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి.

“చూశారా. తనకి స్వేచ్ఛ దొరికిన క్షణంలో కూడా తోటి ఖైదీని తలుచుకున్నాడు. పరివర్తన అంటే ఇదీ.”

హయాత్‌ని వెంటనే స్టేజీ మీదికి పిలిపించారు. మాబు సాహెబ్ పక్కకి జరిగి చోటిచ్చాడు. మంత్రిగారు హయాత్ భుజం తట్టి, చేతికి ఒక శాలువా ఇచ్చి, మాబు సాహెబ్‌కి కప్పమన్నారు. హయాత్ కప్పాడు. ఫోటోగ్రాఫరు కోసం ఇంకోసారి కప్పాడు. తర్వాత దిగిపోయి కుర్చీలు మడత పెట్టసాగాడు.

చప్పట్లకి ఉప్పొంగిన మంత్రిగారు వచ్చే ఏడాది వంద మందిని విడుదల చేస్తానని అక్కడికక్కడే ప్రకటించారు.

గేటు దగ్గర ఒక కానిస్టేబుల్, బయటికెళ్తున్న యాభై మంది ఫోన్ నంబర్లూ వరసగా రాసుకున్నాడు.