సాహుకారు పరుగు

ఆ రోజు కాశీనాథం వేసుకున్న ఉపాయం చాలా చిన్నది. నాయన వీరమల్లయ్య పొద్దున్నే నర్సంపేట బస్సులో పత్తి బేరానికి పోతాడు. ఆయన అటు పోగానే తాను నిక్కరు తొడుక్కుని, క్లబ్బుల మధ్య జరిగే కట్టె అందించే పందెంలో తన వంతు పరుగెత్తి, ఏమీ ఎరగనట్టు వచ్చి బట్టల దుకాణంలో కూర్చుంటాడు.

"సాహుకారన్నోడు నడుస్తడు, ఉరకడు. ఉరికితే ఇంట్ల ఏదో మునిగిందనుకుంటరు" అన్నది వీరమల్లయ్య సిద్ధాంతం. క్లబ్బుకు ఆయనా పోతాడు, పేకాటకు. కొడుకు పరుగెత్తాడని తెలిస్తే మాత్రం మళ్లీ ఆ గడప తొక్కనివ్వడు. క్లబ్బు కార్యదర్శి రాజేశ్వర్ రావు వకీలు ఇంకోవైపు బెదిరించాడు.

"పోయినేడు నీతోనే ఓడినం, గెలుపు కప్పు పోయింది. ఈసారి గూడ గంతే అయితే నీ పేరు తీసేస్త. యాదుంచుకో, మన క్లబ్బోళ్ల చేతులల్లనే కట్టె రైలు స్టేషన్ దాక రావాలె."

ముందు నుయ్యి, వెనక గొయ్యి.

హనుమకొండలో బయల్దేరిన ఎర్రకట్టె చేతులు మారి కాశీనాథం దగ్గరికొచ్చింది. మట్టెవాడలో తమ ఇంటి ముందు భాగంలోనే ఉన్న దుకాణం దగ్గర నిలబడ్డ తోటి ఆటగాడు దావీదుకు దాన్ని అందిస్తే గండం గడిచినట్టే. పరుగందుకున్నాడు.

మొదటి మలుపులోనే కూరగాయల సమ్మమ్మ చూసింది. "కాశీ బిడ్డా! గట్లురుకుతానవేంది? నాయిన మంచిగున్నడా?"

జవాబు చెప్పేంత ఊపిరి లేదు. ఏం లేదన్నట్టు చెయ్యి ఊపాడు. ఇక ఏమీ మిగల్లేదు కాబోలనుకుంది సమ్మమ్మ. వీరమల్లయ్య నర్సంపేట ప్రయాణం ఆమెకు తెలుసు. "అయ్యో, బస్సు బోల్తా పడ్డట్టుందే!" అంటూ గంప వదిలి వెంటపడింది.

అదే బస్సులో అల్లుణ్ని సాగనంపిన మొగిలమ్మ ఆమె వెనక కదిలింది. బస్సు ఎక్కినవాళ్ల ఇళ్లన్నీ కదిలాయి. ఏడుపులతో రోడ్డు నిండి, పందెంలోని మిగతా జట్లు వెనకే ఇరుక్కుపోయాయి. "సాహుకారు పోయిండు!" అన్న కేక కాశీనాథం చెవిన పడింది. ఆ వార్త పుట్టించింది తన చెయ్యేనని తెలియదు పాపం. నాయినే లేకపోతే కప్పెందుకు? ఏడుస్తూ ఇంటివైపు ఉరికాడు.

దావీదు అప్పటికే విన్నాడు. టోపీ తీసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడు.

"అన్నా, కట్టె!"

"కట్టె ఏడికి పోతది తమ్మీ? ముందు ఇంట్లకు పో."

అంతలో దుకాణం తలుపు తెరుచుకుని వీరమల్లయ్య బయటికొచ్చాడు. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే ఆ యుద్ధకాలపు బస్సు ఆ పొద్దు కదలనే లేదు. విసుగెత్తి ఆయన దొడ్డిదారిన ఇంటికొచ్చేశాడు.

"ఎవరు పోయిండ్రే?" అని సమ్మమ్మను అడిగాడు.

"నువ్వేనయ్యా!" అని ఆమె గొల్లుమంది.

"నాయినా!" అంటూ కాశీనాథం కాళ్ల మీద పడబోయాడు. వీరమల్లయ్య చూపు మాత్రం నిక్కరు మీద పడింది.

"బజార్ల నిక్కరేస్కొని ఉరుకుతానవారా? బతికుండంగనే నన్ను సంపినవు గదరా!"

కొట్టడానికి కొడుకు చేతిలోని కట్టె గుంజుకున్నాడు. వెనక జనం. కాశీనాథానికి స్టేషన్ వైపు తప్ప దారి లేదు. పంచె ఎగ్గట్టి వీరమల్లయ్య వెంటపడ్డాడు.

స్టేషన్ దగ్గర కొడుకు వట్టి చేతులతో గీత దాటాడు. రాజేశ్వర్ రావు తల పట్టుకున్నాడు. ఆ వెనకే కట్టె వచ్చింది, పేకాట సభ్యుడు వీరమల్లయ్య చేతిలో. కొట్టడానికి లేచిన ఆ చేతిని వకీలు అలాగే పట్టుకుని జనానికి చూపించాడు. "క్లబ్బు మనిషే! గెలిచినం!"

కప్పు చేతికి రాగానే వీరమల్లయ్య దెబ్బ సంగతి మరిచిపోయాడు.

మరుసటేడు పందెం రోజున ఆయన పంచె ఎగ్గట్టి రోడ్డు మీదున్నాడు. దుకాణంలో ఒకరుండాలి గనక కాశీనాథం కూర్చున్నాడు.