ఒక్కసారే ఎత్తవలెను

నర్సీపట్నం వెనకబడి ఉండటానికి కారణం దుంగలను పదేపదే ఎత్తడమేనని తేలింది. తేల్చినవారు మా తలుపుల ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చిన సరుకు కదలికల అధికారి గోపీకృష్ణ గారు. (అంతకుముందు కారణం మా బద్ధకం. అది రద్దయింది.)

ఆయన వారం పాటు నీడలో కుర్చీ వేసుకుని చూశారు. లారీ మీది దుంగను నేల మీద దించుతున్నారు. మళ్ళీ ఎత్తి రంపం దగ్గర దించుతున్నారు. రంపం ఖాళీ అయ్యాక మళ్ళీ ఎత్తుతున్నారు. ఇదంతా దండగ అన్నారు. గోడకు బోర్డు పెట్టించారు: ప్రతి దుంగను ఒక్కసారే ఎత్తవలెను.

నిబంధనలో లోటేమీ లేదు. ఎత్తినదాన్ని రంపం తీసుకునేదాకా దించకపోతే సరి. నేలకు దించినవాళ్ళు మర్నాటి నుంచి పనిలోకి రానక్కర్లేదు. భుజం మార్చుకోవడం రెండోసారి ఎత్తడం కిందికి వస్తుందా అన్న సందేహం పైఆఫీసుకు వెళ్ళింది. జవాబు వచ్చేవరకు ఎడమ భుజాలకు సెలవు ప్రకటించారు.

ఆ రోజు సింహాద్రమ్మ, అప్పలరాజు చెరో కొస భుజాన వేసుకుని దుంగతో రంపం ముందుకు వచ్చారు. కరెంటు పోయింది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. టీ వస్తే ఎవరో నోటికి అందించారు. (టీ గ్లాసులు వేరే విభాగం.)

"అక్కా, ఇంకాసేపుంటే దుంగ సిగురేత్తాది," అన్నాడు అప్పలరాజు.

"ఎయ్యనీరా. నీడన్నా ఉంతాది."

అంతలో సింహాద్రమ్మ నడుముకు దోపుకున్న ఫోను మోగింది. రంపంపొట్టు ఊడుస్తున్న అప్పలలక్ష్మి తీసి ఆమె చెవికి పెట్టింది. కాన్పుకు ఆసుపత్రిలో చేర్చిన కూతురు బేబికి రక్తం ఎక్కించాలట. తల్లిది సరిపోతుందట, వెంటనే రమ్మన్నారట.

గోపీకృష్ణ గారు విచారం వ్యక్తం చేశారు. కరెంటు రాగానే వెళ్ళవచ్చని అనుమతి కూడా ఇచ్చారు. తనకూ తల్లి ఉందనీ, దుంగ నేలను తాకకపోతే తనకు ఏ అభ్యంతరమూ లేదనీ ఓదార్చడానికి దగ్గరికి వచ్చారు. బాగా దగ్గరికి వచ్చారు.

"నేలకి తగలకపోతే సాలు గదండీ. కాసేపట్టండి బాబూ," అని సింహాద్రమ్మ తన కొసను ఆయన భుజాన పెట్టి, గేటు వైపు పరుగెత్తింది.

దించమని ఆయన అప్పలరాజును ఆజ్ఞాపించారు. అప్పలరాజు చేతులు ఖాళీ లేక గడ్డంతో బోర్డును చూపించాడు.

కరెంటు పొద్దుగూకే వేళకు వచ్చింది.

తల్లీ బిడ్డా క్షేమం. ఆ బిడ్డను బంధువులంతా ఎన్నిసార్లు ఎత్తి ఎన్నిసార్లు దించారో లెక్కే లేదట. ఆ కుటుంబం బాగుపడే సూచనలు తక్కువ. సింహాద్రమ్మ దుంగను నేలకు దించలేదు గనుక పనిలోనే ఉంది.

మర్నాడు బోర్డు కింద సవరణ వెలిసింది: బరువు అనిపించినచో దించవచ్చును. ఈ సౌకర్యం అధికారులకు మాత్రమే.